పడగగుండు దారి

మబ్బు కమ్ముతోందని మారప్ప గొర్రెలను ఇంటిదారి పట్టించాడు. తన ఊరు రాయచెర్లు ఇంకా మైలు దూరం ఉండగానే ఉరిమి, మొదటి వడగల్లు అతని భుజం మీద పడింది.

మందకు ముందు నడిచే బొల్లి, మెడలో గంటున్న ముసలి గొర్రె, గిరుక్కున వెనక్కి తిరిగింది. బొల్లి ఎటు పోతే మంద అటే. అరవై గొర్రెలూ, వారం నిండని పిల్లలూ దాని వెనకే పరుగెత్తాయి.

"ఆడేమీ లేదే! ఇంటికి పాండే!" అని మారప్ప వెంటపడ్డాడు. గొర్రెలు వింటేగా!

అవి పరుగెత్తే చోట ఒకప్పుడు పడగగుండు ఉండేది, మారప్ప చేనులోనే. పాము పడగలా ముందుకు వంగిన ఆ బండ కింద తాతల నాటి నుంచీ మంద తలదాచుకునేది. బొల్లి చిన్నప్పుడు, ఉరిమినప్పుడల్లా దాన్ని అక్కడికి నడిపించి గుప్పెడు ఉలవలు పెట్టేవాడు మారప్ప. ముందు నడిచే గొర్రెకు దారి నేర్పడమంటే అదే. తర్వాత సోలార్ వాళ్లు వచ్చి, చేనుతో పాటు గుండుకూ బాడుగ ఇస్తామన్నారు. రాళ్లకు కూడా డబ్బులిచ్చే పిచ్చోళ్లుంటారా అని పెళ్లాం కాటమ్మతో చెప్పి పడీపడీ నవ్వి, సంతకం చేశాడు. నెల తిరక్కుండా గుండును పేల్చి నేల చదును చేశారు. ఆ నవ్వు గుర్తొస్తే అతనికి ఇప్పటికీ తన మీద తనకే ఒళ్లు మండుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

మూడేళ్లయినా బొల్లి మరిచిపోలేదు. జాలీ కంచెకు తల ఆనించి నిలబడింది. అవతల, రెండడుగుల దూరంలో, సోలార్ పలకల కింద నేల పొడిగా ఉంది.

గేటు కాపలా కాటమ్మ అన్న కొడుకు నాగేశ్‌దే.

"గేటు తీయప్పా నాగేశా! పిల్లలు సచ్చిపోతాండాయి!"

"బీగంచెవి నా దగ్గర లేదు మామా. సూపర్‌వైజరు తీసుకోని పోయినాడు. ఫోన్ చేస్తానే ఉండా, ఎత్తల్యా." నాగేశ్ మళ్లీ నంబరు నొక్కాడు.

వడగళ్లు నిమ్మకాయలంత అయ్యాయి. మారప్ప బొల్లిని తోశాడు, కొట్టాడు. అది కదల్లేదు. తలమీది కంబళి తీసి పిల్లల మీద కప్పాడు. నాలుగే పట్టాయి. మిగతావి అతని కాళ్ల మధ్య దూరి అరిచాయి. వంగి వీపు అడ్డుపెట్టాడు. ఒక్క మనిషి వీపు ఎన్నింటికి చాలుతుంది?

వాన వెలిసేసరికి తొమ్మిది పిల్లలు కదలడం లేదు. మారప్ప బురదలో కూలబడి ఏడ్చాడు.

బొల్లి దగ్గరికి వచ్చింది. నేర్పిన చోటికి మందను తెచ్చింది కదా, ఉలవల కోసం అతని ఖాళీ చేతిని నాకింది.