రెండో పెద్ద జీతం

నేను ఒక తెల్లబోర్డును. అమీర్‌పేటలో నాలుగో అంతస్తు, ఓదెలు సార్ డేటాబేస్ క్లాసులో గోడ నిండా ఉంటాను. గొప్పలనుకుంటే అనుకోండి గానీ, ఈ ఊళ్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో కుదురుకున్నవాళ్లు ఎందరో మొదటి క్వెరీ, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్న, రాసింది నా ఒంటి మీదే.

పుట్టింది బాలానగర్‌లో ఒక షెడ్డులో. మొదట నన్ను స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్‌వాళ్లు కొన్నారు. అది మూతపడ్డాక ఓదెలు సార్ ట్రాలీ ఆటోలో తెచ్చుకున్నారు. అప్పటిదాకా గుడ్ మార్నింగులు మోసినదాన్ని, వరసలూ గళ్లూ ఉండే డేటా టేబుళ్లు మోయడం మొదలుపెట్టాను. హోదా పెరిగిందనే చెప్పాలి.

ఇక్కడి పిల్లలది ఒకటే జబ్బు, ప్రశ్న అర్థం కాకముందే జవాబు బట్టీ పట్టేస్తారు. ఇంటర్వ్యూల్లో తరచూ అడిగేది, కంపెనీలో రెండో పెద్ద జీతం ఎంతో చెప్పే క్వెరీ. జీతాలను పెద్దది పైన ఉండేలా పేర్చి, మొదటి వరస వదిలేసి, తర్వాతిది తీసుకోమని సార్ నేర్పారు. క్లాసంతా దాన్ని నిద్రలో కూడా అప్పజెబుతుంది.

మల్లీశ్వరి ఖమ్మంలో ఒక ఆస్పత్రి రిసెప్షన్‌లో పని మానేసి మా క్లాసులో చేరింది. వెళ్లిన ఇంటర్వ్యూ అల్లా పోయింది. మా క్లాసులోనే ఒక కంపెనీ ఇంటర్వ్యూలు పెట్టిన రోజు సార్‌తో అంది, "ఇది కూడా పోతే మళ్లీ ఆ కౌంటర్లోనే కూర్చోవాలి సార్. నావల్ల కాదు."

"ఆ దవాఖాన ముచ్చట మాత్రం ఎత్తకు బిడ్డా. చులకనగ చూస్తరు" అన్నారు సార్.

ఇంటర్వ్యూ చేయడానికి ఫర్జానా మేడమ్ వచ్చారు. మల్లీశ్వరి గడగడా క్వెరీ రాసేసింది. మేడమ్ లేచి పక్కనే కొన్ని జీతాలు వేశారు. పై రెండూ ఒకే అంకె.

"ఇప్పుడు మీ క్వెరీ ఏమిస్తుంది?"

మొదటిది వదిలేసినా మళ్లీ ఆ పెద్ద జీతమే వస్తుంది. అంతకుముందు వచ్చినవాళ్లంతా ఇక్కడే చేతులెత్తేశారు. నాకు భయం వేసింది. మల్లీశ్వరి ఒక్కో వరసా వేలితో తడిమి చూసింది. ఆపైన, ఒకే జీతం ఎన్నిసార్లు వచ్చినా ఒక్కసారే తీసుకోమని క్వెరీలో ఒక్క మాట చేర్చింది.

"బాగుంది. అన్నీ టేబుళ్లలోనే ఎందుకు, డాక్యుమెంట్ డేటాబేసులు ఉన్నాయిగా?"

ఆ రెండు రకాలకూ మధ్య బట్టీ పట్టిన తేడాలేవీ ఆమెకు గుర్తుకు రాలేదు.

"మేడమ్, నేను హాస్పిటల్ రిసెప్షన్‌లో చేశాను" అంది. తలుపు దగ్గర సార్ తల పట్టుకున్నారు. "పేరు, వయసు, డాక్టరు అందరికీ ఉంటాయి. అవి టేబుల్లో ఉంటేనే నయం. రిపోర్టులు అలా కాదు. ఒకరికి షుగర్ టెస్టు, ఇంకొకరికి స్కానింగు. గళ్లలో పెడితే సగం ఖాళీలే. ఎవరివి వాళ్ల ఫైల్లో కలిపి ఉంచాలి. డాక్యుమెంట్ డేటాబేస్ చేసేది అదే కదా."

ఆ రోజు కంపెనీ తీసుకున్నది ఒక్క మల్లీశ్వరినే. నన్ను పట్టుకోలేకపోయారంటే నమ్మండి.

ఓదెలు సార్ ఊరుకుంటారా? ఆ జవాబును ఎర్ర మార్కర్‌తో నా మీద రాసి, కొత్త బ్యాచ్‌లన్నిటికీ బట్టీ పట్టించారు.

కొన్నాళ్లకు ఆ కంపెనీవాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి మేడమ్ పక్క కుర్చీలో మల్లీశ్వరి. మొదటి కుర్రాడు గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, నేను హాస్పిటల్ రిసెప్షన్‌లో చేసినప్పుడు…" రెండోవాడూ అదే మొదలుపెట్టాడు. సార్ మెల్లగా బయటికి జారుకున్నారు.

మల్లీశ్వరి లేచి వచ్చి మార్కర్ ఆ రెండోవాడి చేతిలో పెట్టింది.

"హాస్పిటల్ నాది తమ్ముడూ. నీదేందో చెప్పు."

అతను నేల చూపులు చూశాడు. "మా నాన్నది టైర్ల షాపు మేడమ్."

"అయితే టైర్లతోనే చెప్పు."

ఇన్నేళ్లలో మొదటిసారి నా మీద ఒక టైరు బొమ్మ పడింది.