ఉప్పు చూడని బండి

మిషిగన్‌లో చలికాలం పాత బండ్లకు యముడు. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు ఒక్కసారి ఇనుములోకి దూరిందంటే, లోపల్లోపల తినేసి పైకి జల్లెడను మిగులుస్తుంది. అందుకే నార్బర్ట్ జీల్కే తన 1970 నాటి షెవెల్ కారుని శరత్కాలంలో గరాజులో పెట్టాడంటే, ఏప్రిల్ వానలు రోడ్లు కడిగేదాకా బయటికి తీయడు. ఇన్నేళ్ళలో ఆ బండి ఉప్పు ముఖం చూడలేదు. దాని ధరంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

ధర మాట అటుంచితే, దాని పోషణ తెల్ల ఏనుగును మేపడమే. గరాజుకు హీటరు, తేమ లాగే యంత్రం, ప్రత్యేకమైన బీమా, ఏటా ఏదో ఒక విడిభాగం. “ఈ కొంపలో నాకంటే దానికే వెచ్చగా ఉంటుంది,” అని భార్య మార్లిస్ దెప్పేది. ఈ ఏడు కార్బ్యురేటరుకే డబ్బంతా పోయి, రోజూ తిరిగే పికప్ ట్రక్కు గేర్‌బాక్సు పని వాయిదా పడింది. పికప్ ఊరుకుంటుందా? జనవరిలో చేతులెత్తేసింది.

ఇక మేపలేక నార్బర్ట్ బండిని అమ్మకానికి పెట్టాడు. అరిజోనా నుంచి క్లిఫ్టన్ అనే ఆయన లక్షన్నర డాలర్లకు ఒప్పుకున్నాడు. ఇంటి మీది అప్పు దాంతో తీరిపోతుంది. “గురువారం వచ్చి కింద దూరి చూస్తా పెద్దాయనా. ఉప్పు మరక ఒక్కటి కనబడినా నా దారి నాదే,” అన్నాడు ఫోన్లో.

మంగళవారం సాయంత్రం, బయట మంచువాన పడుతుండగా, మార్లిస్ సూపు గిన్నె బల్ల మీద పెట్టబోయి జారవిడిచింది.

“నార్బర్ట్, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది.”

ఆమె ముఖమంతా చెమట. నార్బర్ట్ ఆమెను సోఫాలో పడుకోబెట్టి అంబులెన్సుకు ఫోన్ చేశాడు. రోడ్లన్నీ గాజుపలకల్లా ఉన్నాయని, ఉన్న ఒక్క బండీ ఇంకో ప్రమాదం దగ్గర ఇరుక్కుందని, గంట పైనే పట్టొచ్చని అవతలి పిల్ల చెప్పింది. పక్కింటివాళ్ళు ఎప్పట్లాగే చలికాలం ఫ్లోరిడాలో ఉన్నారు.

నార్బర్ట్ గరాజుకు పరుగెత్తి తలుపు ఎత్తాడు. అప్పుడే ఉప్పు లారీ వెళ్ళినట్టుంది, రోడ్డు పొడుగునా తెల్లగా పరుచుకుని ఉంది. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. అంబులెన్సు ముందే వస్తుందేమో. ఇది గుండెపోటు కాదేమో, అజీర్తేమో. ఇల్లు పోతే ఈ వయసులో ఎక్కడ తలదాచుకుంటారు? ఒక పక్క ఇలా ఆలోచిస్తూనే, ఇంకో పక్క తన ఆలోచనకు తనే వణికిపోయాడు. అయినా కదల్లేదు.

చివరికి లోపలికి వెళ్ళి చూస్తే ఆమె పెదవులు నీలంగా మారాయి. ఇక ఏమీ ఆలోచించలేదు. దుప్పట్లో చుట్టి, ఎత్తి తెచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. తాళం తిప్పితే ఇంజను గర్జించి వెంటనే చచ్చిపోయింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అంతే. “స్టార్ట్ అవ్వవే, నీ కాళ్ళు పట్టుకుంటా,” అని బండిని బతిమాలాడు.

“గొట్టాలు,” అంది మార్లిస్ కళ్ళు మూసుకునే. “ఎలుకలకని కుక్కుతావుగా.”

ప్రతి శరత్కాలంలోనూ ఎలుకలు దూరకుండా పొగగొట్టాల్లో ఇనుప పీచు కుక్కేది అతనే. వెనక్కి పరుగెత్తి, మోకాళ్ళ మీద కూలబడి, వేళ్ళు చీరుకుపోతున్నా రెండు గొట్టాల్లోంచీ పీచు లాగి పారేశాడు. ఈసారి ఇంజను నిలబడింది.

వేసవి టైర్లు ఐసు మీద పట్టు దొరక్క బండి వెనుక భాగం అటూ ఇటూ ఊగుతోంది. వంతెన దగ్గర ఒకసారి కాలువ వైపు జారి, రెయిలింగ్‌కు బెత్తెడు దూరంలో ఆగింది. ఉప్పు గడ్డలు చక్రాల పైనున్న రేకుకి టపటపా కొట్టుకుంటున్నాయి. ఒక్కొక్క దెబ్బకీ నార్బర్ట్ బుర్ర ధరలో ఇంత పోయింది, ఇంత పోయింది అని లెక్క కడుతూనే ఉంది. ఆపమన్నా ఆగలేదు. ఆ కాలువ కంటే తన బుర్రంటేనే అతనికి ఎక్కువ భయం వేసింది.

“మార్లిస్, మాట్లాడవే. తిట్టవే, పోనీ.”

ఆసుపత్రి దీపాలు కనబడేదాకా అతను ఆమె పేరు పిలుస్తూనే నడిపాడు.

గుండెలో మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి స్టెంటు వేశారు. “బతికింది. కాకపోతే గుండె కండరం కొంత దెబ్బతింది,” అంది డాక్టరు. “కాస్త ముందొచ్చుంటే అదీ దక్కేది. రోడ్లు అలా ఉంటే మీరేం చేస్తారు లెండి!”

నార్బర్ట్ తల వంచుకున్నాడు. రోడ్ల మీద నెపం నెట్టి బయటపడొచ్చు. ఎవరూ అడగరు.

మర్నాడు మార్లిస్ కళ్ళు తెరిచింది. “మీ అరిజోనా ఆయనకి చెప్పావా?”

“చెప్పా. ఉప్పు తగిలిందన్నా. సగానికైతే చూస్తానన్నాడు. పోనీ వెధవ డబ్బు, నువ్వు దక్కావ్.”

“ఎంతసేపు నిలబడ్డావ్, గరాజు తలుపు దగ్గర?”

“నీకెలా...”

“సోఫా పక్కనే కదా కిటికీ. కనబడుతూనే ఉన్నావ్. అరవడానికి ఊపిరి లేదు.” ఆమె గొంతులో కోపం లేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. “నా ధర ఎక్కడ తెగుతుందో అని చూస్తూ పడుకున్నా, నార్బర్ట్.”

నార్బర్ట్ తన కట్టు కట్టిన చేతిని మంచం మీద, ఆమె చేతి దగ్గర పెట్టాడు. తాకడానికి ధైర్యం చాలలేదు.

“మంచినీళ్ళియ్యి,” అంది ఆమె, కిటికీ వైపు తిరిగి.