పొయ్యికి సెలవు

ఆ రోజు పొద్దున్నే ఆమెకి పడిన పని కొత్త పొయ్యికి మసి పూయడం.

పొయ్యి ముందురోజే దిగింది. మట్టి పొయ్యి, ఎర్రగా, నిప్పంటే ఏమిటో ఎరగనట్టుంది. పెరట్లో పెట్టించి, చుట్టూ తిరిగి చూసి ఆమె భర్త పెదవి విరిచాడు. "మరీ షోకేసులో బొమ్మలా ఉంది. టీవీ వాళ్ళు వచ్చేలోగా కాస్త పాతబడేలా చూడు" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో ఎవరికీ చేతకాని పనులన్నీ ఆమె వాటాకే వస్తాయి. ఒక వస్తువుని పేదదాన్ని చేయడం కూడా ఇప్పుడు వాటిలో చేరింది. పెనం అడుగున మసి గీకి, నూనెలో కలిపి, వేళ్ళతో రాస్తూ కూర్చుంది.

ఆమె భర్తని ఊరంతా 'పేదల పెద్దన్న' అంటారు. ఈసారి ఎన్నికల్లో నిలబడ్డాడు. ఏ గోడ చూసినా ఆయన బొమ్మే, బొమ్మ కింద ఒకటే మాట: 'ఏ ఇంట్లోనూ పొయ్యికి సెలవు ఉండదు'. సభలో ఆ మాట దగ్గరికి రాగానే ఆయన ఒక్క క్షణం ఆగుతాడు. కళ్ళజోడు తీస్తాడు. "వండడానికి ఏమీ లేని రోజున మా అమ్మ, ఇవాళ పొయ్యికి సెలవు నాయనా, అని ఏడ్చేది" అంటాడు. జనం కళ్ళు తుడుచుకుంటారు. వాళ్ళ తప్పేం లేదు, ఆ మాట అలాంటిది.

కాకపోతే ఆ మాట ఆయన తల్లిది కాదు. ఆయన తండ్రికి బజారు మొదట్లోనే పెద్ద బట్టల కొట్టుండేది. ఇంట్లో వండడానికొకరు, తోమడానికొకరు. ఆ తల్లి పొయ్యి వెలిగించిన రోజంటూ లేదు. ఆ మాట ఇక్కడ మసి పూస్తున్న ఆయన భార్య తల్లిది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికి, వేళ్ళు నానిపోయి ఇంటికొచ్చిన తల్లి, డబ్బాలన్నీ ఖాళీగా కనిపిస్తే చెప్పులు ఓ మూలకి విసిరేసి చప్పట్లు కొట్టేది. "పిల్లలూ, ఇవాళ పొయ్యికి సెలవు! పాపం దానికి మాత్రం ఒళ్ళునొప్పులుండవూ?" అని నేలమీద వెల్లకిలా పడుకునేది. పిల్లలందరూ పక్కన చేరి, పొయ్యికి కాళ్ళు పట్టాలా, తల పట్టాలా అని వాదించుకునేవాళ్ళు. కడుపు మాడేది, నిజమే. కానీ నవ్వొచ్చేది. ఏడవడమొక్కటే ఆ ఇంట్లో ఎవరూ చేయలేదు.

పెళ్ళైన కొత్తలో ఆమె ఈ సంగతి ఆయనకి చెప్పింది. ఆయన ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, ఆ కన్నీళ్ళు చూసే ఆమె ఆయన్ని నమ్మింది. కొన్నాళ్ళకి ఏదో సభలో 'మా ఆవిడ పుట్టింట్లో' అనాల్సిన చోట 'మా ఇంట్లో' అన్నాడు. ఇంటికొచ్చాక అడిగితే, "తొందరలో నోరు జారింది. అయినా మొగుడూపెళ్ళాల మధ్య నీదీ నాదీ ఏమిటే?" అన్నాడు. ఇల్లు ఆయన పేర ఉంది, కారు ఆయన పేర ఉంది. నీదీ నాదీ లేకపోవడం ఒక్క ఆమె ఆకలి విషయంలోనే వచ్చింది. తర్వాతి సభకి 'మా ఇంట్లో' కాస్తా 'మా అమ్మ' అయింది. ఆ తర్వాత నవ్వు ఏడుపైంది. ఇప్పుడు ఆయనకి అది అబద్ధమని కూడా గుర్తులేదు. అదే ఆమెకి అన్నిటికంటే ఒళ్ళుమండే సంగతి. తెలిసి ఆడేవాడైతే ఎప్పుడో ఒకప్పుడు సిగ్గుపడతాడు.

"పిచ్చుకా, మసి చాల్లేవే, చేతులు కడుక్కో" అని వంటింట్లోంచి తల్లి పిలిచింది. మోకాళ్ళు అరిగాక, కొన్నాళ్ళు విశ్రాంతిగా ఉందువుగానీ అని కూతురే తెచ్చుకుంది. ఆ కొన్నాళ్ళలోనే ఎన్నికలొచ్చిపడ్డాయి. "అత్తయ్య చేతి వంట తింటే మావాళ్ళు ఇంకో పది వీధులు తిరుగుతారు" అని అల్లుడు మెచ్చుకున్నాడు. మెచ్చుకోలు అలా మొదలై డ్యూటీలా స్థిరపడిపోయింది. పార్టీ మనుషులకి రెండు పూటలా ఆ మోకాళ్ళే నిలబడి వండుతున్నాయి.

ఇంతలో అత్తగారు పెరట్లోకి వచ్చింది. ఆమె ఒంటిమీద బట్టలు చూసి కోడలు లేచి నిలబడింది. వెలిసిపోయిన ఆ నీలం పూలు ఆమెకి బాగా తెలుసు. "నావన్నీ కొత్తగా ఉన్నాయని అబ్బాయి వద్దన్నాడే. మీ అమ్మనడిగి ఓ జత తీసుకున్నా. తప్పేముంది, ఉతికినవేగా?" అంది అత్తగారు, ముక్కు కాస్త ఎగబీలుస్తూ.

అత్తగారికి పొయ్యి ఊదడం నేర్పే పని కూడా తల్లికే పడింది. "బుగ్గలతో కాదు వదినగారూ, కడుపులోంచి ఊదాలి" అంటూ గొట్టం పట్టి చూపించింది.

"ఇప్పుడే కడుపునిండా తిన్నాను వదినగారూ, ఇక ఊపిరికి చోటేదీ?" అని అత్తగారు దగ్గుతూ కూలబడింది.

టీవీ వాళ్ళు వచ్చారు. ఒక విలేకరి అమ్మాయి, కెమెరా మనిషి. పెద్దన్న మోచేతుల దాకా చొక్కా మడిచి, తన తల్లి పక్కన నేలమీద కూర్చున్నాడు. భార్యనీ, ఆమె తల్లినీ వంటింట్లోంచి కదలొద్దన్నాడు. కిటికీలోంచి అంతా కనిపిస్తూనే ఉంది.

"ఆ రోజులు ఎలా ఉండేవమ్మా?" అని విలేకరి మెత్తగా అడిగింది.

"ఏం చెప్పనమ్మా. పిల్లాడు ఆకలికి ఏడుస్తుంటే గుండె తరుక్కుపోయేది. ఇవాళ పొయ్యికి..." అత్తగారు ఆగింది. కొడుకు వైపు చూసింది. "పొయ్యికి రెస్టు నాయనా, అనేదాన్ని."

వంటింట్లో తల్లి పకపకా నవ్వేసింది. ఆపుకుందామని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ అప్పటికే ఆలస్యమైపోయింది. విలేకరి కిటికీ వైపు తిరిగి, "లోపల ఎవరండీ?" అంది.

పెద్దన్న రెప్పైనా వేయలేదు. "మా వంటావిడ. ఇంట్లో మనిషి లెక్కే లెండి."

తల్లి నవ్వు ఆగిపోయింది. ఏమీ విననట్టు కూర మీద మూత సరిచేసింది. తర్వాత కూతురి మొహం చూసి, "పోనీలేవే. ఎన్నికలు కదా, ఏదో తొందరలో అన్నాడు" అంది.

పోనీలే అని ఆమె ఎన్నిసార్లు అనుకోలేదు! మాట పోతే పోనీలే అనుకుంది. ఆ మాటలోని నవ్వు పోతే పోనీలే అనుకుంది. పొద్దున తల్లి బట్టలు పోయినా నోరెత్తలేదు. ఇప్పుడు తల్లి కూడా తల్లి కాకుండా పోతోంది, పోనీలే అంటున్నది ఆ తల్లే. అంతమందికి అన్నం పెడుతున్న మనిషి తలవంచుకుని నిలబడిన తీరు చూస్తే ఆమెకి తనమీద తనకే అసహ్యం వేసింది. ఆ వెంటనే కోపం వచ్చింది. ఆ కోపం ఆమెకి హాయిగా ఉంది.

"ఏమోయ్, విస్తళ్ళు వేయించు! వీళ్ళూ మనతోనే తింటారు. పేదవాడింటి భోజనం!" అని పెరట్లోంచి పెద్దన్న కేక వేశాడు.

ఆమె గ్యాస్ పొయ్యిలు ఒక్కొక్కటీ కట్టేసింది.

"ఇంకా ఉడకలేదే" అంది తల్లి కంగారుగా.

"తెలుసమ్మా. నువ్వు రా."

తల్లి చెయ్యి పట్టుకుని పెరట్లోకి నడిచింది. ఆమె వేళ్ళకి ఇంకా మసి ఉంది, అది తల్లి చేతికీ అంటింది.

"భోజనాల్లేవు. ఇవాళ పొయ్యికి సెలవు" అంది.

పెద్దన్న తడబడలేదు, ఆ విద్యలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. గలగలా నవ్వి కెమెరా వైపు చూశాడు. "విన్నారా? మా ఇంట్లో అందరి నోటా ఈ మాటే!"

"అందరిదీ కాదు. ఇది మా అమ్మ మాట" అంది ఆమె.

విలేకరి చటుక్కున తిరిగింది. "మీ అమ్మగారు ఎక్కడుంటారండీ?"

"ఈవిడే. ఇందాక మీకు వంటావిడని చెప్పారే, ఆవిడ."

కెమెరా నెమ్మదిగా వాళ్ళ వైపు తిరిగింది. "లోపలికి పద, మాట్లాడుకుందాం" అన్నాడు పెద్దన్న, పెదాలమీద నవ్వు అలాగే ఉంచి, పళ్ళ మధ్యనుంచి. అత్తగారు అరువు బట్టల్ని మోకాళ్ళ మీద సర్దుకుంటూ, మసి పూసిన పొయ్యి వంక చూస్తూ కూర్చుంది. కోడలు లోపలికి పోలేదు. టీవీ వాళ్ళు వెళ్ళాక ఆయన కూర్చోవడానికి ఓ పక్కన వేసి ఉంచిన కుర్చీని లాక్కొచ్చి, తల్లిని మోకాళ్ళు నొప్పిపుట్టకుండా కూర్చోబెట్టి, తను పక్కన నేలమీద కూర్చుంది.

"ఎలా అనేదానివో ఒకసారి అనవే అమ్మా" అంది. "చప్పట్లు కొట్టి మరీ."