హంపులు వచ్చేదాకా

కృష్ణకుమారి పసుపుపచ్చ జాకెట్ జిప్పు పైకి లాగి, స్టాప్ పలకను చంకలో ఇరికించుకుని, నిమ్మకాయను అడ్డంగా కోసింది. చెక్కలకు కుంకుమ అద్దింది. చలికి పగిలిన వేళ్లు పులుపు తగిలి చుర్రుమన్నాయి.

మేరీలాండ్‌లో ఓ బడి ముందు పిల్లల్ని రోడ్డు దాటించడం ఆవిడ ఉద్యోగం. బక్కపలచటి మనిషి, నలుగురిలో నిలబడితే కంటికి ఆనదు. మోకాళ్లు అరిగాయి గానీ పలక ఎత్తే చెయ్యి మాత్రం వణకదు. ఆ వేసవిలో కాలనీవాళ్లు, జరిమానా టికెట్లు పడుతున్నాయని సంతకాలు పెట్టి మరీ స్పీడ్ కెమెరా పీకించారు. బదులుగా రోడ్డుకు అడ్డంగా హంపులు, అదే స్పీడ్ బ్రేకర్లు, వేస్తామన్నారు కౌంటీ వాళ్లు. వేస్తారు, వేస్తారు! కెమెరా పోయింది, హంపులు రాలేదు. కార్లు మాత్రం ముహూర్తం మించిపోతున్నట్టు దూసుకొస్తున్నాయి. ఏ పూట ఏ బిడ్డ చక్రాల కింద పడుతుందోనని ఆవిడకు అన్నం సయించడం లేదు.

అప్పుడు తట్టిందీ ఉపాయం. కాలనీలో సగం మంది తెలుగువాళ్లే. కొత్త కారు కొంటే తామే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. రోడ్డు మీద పడున్న ఎవరిదో దిష్టి నిమ్మకాయను మాత్రం చచ్చినా తొక్కరు! దాన్ని దూరం నుంచే చూసి నెమ్మదిస్తారు.

"అక్కా, మీ లెమన్ చూస్తే నా కాలు దానంతటదే బ్రేక్ మీదికి పోతుంది" అని నవ్వేవాడు శ్యామ్‌సుందర్. కెమెరా తీయించడానికి ఇల్లిల్లూ తిరిగింది అతనే.

హంపులు వేయాల్సిన చోట నిన్ననే తెల్లరంగు గుర్తులు పెట్టి వెళ్లారు. హమ్మయ్య, ఇంక రెండు మూడు రోజులే అనుకుంటూ నిమ్మచెక్కలు రోడ్డు మీద పెట్టింది. గాలికి కొట్టుకొచ్చిన మేపుల్ ఆకులు వాటిని సగం కప్పేశాయి. ఆవిడ చూసుకోలేదు.

"ఆంటీ, నేను కమ్ చేయనా?" అంది గట్టు మీది పిల్లల్లోంచి నైనిక, బ్యాక్‌ప్యాక్ సర్దుకుంటూ.

"ఆగమ్మా, నేను పిలిచాకే."

పలక ఎత్తి రోడ్డులోకి దిగింది. శ్యామ్‌సుందర్ కారు మలుపు తిరిగింది, ఆఫీసు తొందరలో, ఎదురెండలో. ఆకుల మధ్య ఎరుపు కంటబడేసరికి మీదికొచ్చేశాడు. కాలికంటే ముందు చెయ్యి కదిలింది. స్టీరింగ్ పక్కకు తిప్పేశాడు, ఆవిడ నిలబడిన పక్కకి.

అయ్యో భగవంతుడా, ఎంత ఘోరం!

"అక్కా! లేవండక్కా!"

అంబులెన్స్ వచ్చేసరికే ప్రాణం పోయింది. తెలుగు ముక్క రాని పోలీసుకు శ్యామ్‌సుందర్ తెలుగులోనే చెబుతున్నాడు. "లెమన్‌నే చూశానండీ... దాన్నే తప్పించానండీ..."

గట్టు మీద పిల్లలు బిక్కచచ్చి నిలబడిపోయారు. దాటమని వాళ్లకెవరూ చెప్పలేదు. నైనిక ఇంకా పిలుపు కోసమే చూస్తోంది.

తెల్లరంగు గుర్తుల పక్కన నిమ్మచెక్క, అద్దిన కుంకుమ చెదరకుండా, పెట్టిన చోటే ఉంది.