బండ్లలో ముందు రొయ్యలు

మధ్యాహ్నం తాసిల్దారు ఆఫీసు గుమాస్తా మా సందులోకి వచ్చాడు. మొదటి గుమ్మం మాదే కాబట్టి నా ముందే కాగితాల కట్ట విప్పాడు. రేపు పొద్దున తుఫాను తీరం దాటుతుందట. "కబురు అందింది, వెళ్ళకపోతే పూచీ మాదే" అని అందులో రాసి ఉందట. వేలిముద్ర వెయ్యమన్నాడు.

పోయిన తుఫానుకీ ఇదే కాగితం. మేమంతా రొయ్యల షెడ్డులో పొట్టు వలిచేవాళ్ళం. అక్కడ తెల్లారి వేలిముద్ర వేస్తేనే ఆ పూట పనిలో చోటు. ఆ అలవాటుకొద్దీ ఇదీ బస్సులో చోటు కోసమే అనుకుని వేసేసి, మూటలు కట్టుకుని రోడ్డు మీద కూర్చున్నాం. బస్సు రాలేదు, నీళ్ళొచ్చాయి. కుట్టుపని చేసే మా వదిన కొట్టుకుపోయింది. తర్వాత ఆఫీసువాళ్ళు ఆ కాగితమే చూపించారు. "మేం చెప్పాం, ఆవిడే కదల్లేదు" అన్నారు.

అప్పట్నుంచి మబ్బు పడితే చాలు, నాకు ముద్ద దిగదు.

"బస్సెప్పుడు సార్?" మా పెద్దపిల్ల అడిగింది. అదీ షెడ్డులోనే పని.

"అది నా చేతిలో లేదమ్మా. పై ఊరి బడిలో ఏర్పాట్లున్నాయి. పద్దెనిమిది కిలోమీటర్లే. ఎవరి జాగ్రత్త వాళ్ళు చూసుకోవాలి. ప్రభుత్వం చంకనెత్తుకుని తీసుకెళ్తుందా?"

"ఆయనన్నదీ నిజమేనే," అన్నాడు ఎదురింటి వడ్రంగి. "కాళ్ళున్నాయి, నడుద్దాం. ప్రతిదానికీ సర్కారు మీద పడితే ఎలా?"

"నీకున్నాయి బాబాయ్. మా నాన్నకి ఒకటే కదులుతుంది. నువ్వు మోస్తావా?"

పక్షవాతం మనిషి మా ఆయన, మంచం మీద నుంచే, "వాడు బిగించిన తలుపే నెల్లాళ్ళు ఆగదు. నేనాగుతానా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వెక్కడిది?

పిల్ల చెయ్యి పట్టి గుంజాను. "నీకెందుకే ఈ గొడవ? పోలీసులొస్తారు. ఆ వేలేదో వేసేసి..."

"వేసి చూశాం కదమ్మా."

ఎవరూ వెయ్యలేదు. గుమాస్తా పక్క సందుకి పోయాడు. అప్పుడే షెడ్డు వైపు నుంచి బండ్ల చప్పుడు. వెళ్ళి చూస్తే, షెడ్డు కాంట్రాక్టరు మూడు బండ్లు పెట్టి రొయ్యల పెట్టెలు మెరకకి తరలిస్తున్నాడు.

"రొయ్యల దగ్గర వేలిముద్రలు తీసుకున్నారా అయ్యా?" అంది మా పిల్ల.

"సరుకు పాడైతే రేపు మీకు పనుండదు."

"మేం పాడైతే?"

ఆయన డ్రైవర్లకి కానివ్వమని చెయ్యూపాడు. ఆడవాళ్ళం ముప్పైమందిమి బండ్లకి అడ్డంగా కూర్చున్నాం. వడ్రంగి కాసేపు దూరంగా నిలబడి చూశాడు, తర్వాత వచ్చి పెట్టెలు దించడం మొదలుపెట్టాడు. డ్రైవర్లు అభ్యంతరం చెప్పలేదు, వాళ్ళ ఇళ్ళూ పల్లంలోనే. ముసలివాళ్ళని, చంటిపిల్లల తల్లుల్ని, మా ఆయన్ని ముందు ఎక్కించాం. బండ్లు మూడుసార్లు తిరిగాయి.

ఆఖరి బండి కదులుతుంటే పోలీసు జీపొచ్చింది. సర్కారు బండి మా సందుకి వేళకి రావడం అదే మొదలు. బండ్లు దొంగిలించిందని కాంట్రాక్టరు ఫిర్యాదు చేశాడని పిల్లని ఎక్కించుకుపోయారు. నేను దిగబోతే ఆడవాళ్ళు పట్టుకుని ఆపారు.

బడిలో గాలి హోరు వింటూ ఒకటే ఆలోచన. ఆ లాకప్పు పైన రేకులున్నాయో, స్లాబుందో.

మర్నాడు సాయంత్రానికి గాలి తగ్గింది. ఒక అధికారి జాబితా పట్టుకొచ్చాడు, ప్రభుత్వం ఎంతమందిని తరలించిందో రాసుకోవడానికి. వరసలో నిలబడమన్నాడు, ఫోటో తీస్తారట.

వడ్రంగి లేచాడు. "మమ్మల్ని తరలించిన పిల్ల మీ లాకప్పులో ఉంది సార్. దాన్నడిగి రాసుకోండి."

ఆ మాట అని వడ్రంగి బయటికి నడిచాడు. వెనకే ఒక్కొక్కరుగా అందరూ. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు. నిద్రలేదు, తిండిలేదు, ఎవరూ నినాదాలివ్వలేదు. స్టేషను దాకా నడిచాం.

స్టేషను గుమ్మంలో పోలీసు చెయ్యి అడ్డం పెట్టాడు. "తల్లి ఒక్కతే లోపలికి రావాలి."

పరిగెత్తి లోపలికి పోదామనిపించింది. ఒక్కసారి దాని మొహం చూస్తే చాలు. కానీ ఒక్కదాన్నే వెళ్తే మళ్ళీ ఏ కాగితం చాపుతారో. అడుగు వెనక్కి వేసి ఆడవాళ్ళ మధ్య నిలబడ్డాను.

"అందరం వస్తాం. లేకపోతే పిల్లనే బయటికి పంపండి," అన్నాను.

తలుపు వేసుకున్నారు. మేం ఆ నీళ్ళలోనే కూర్చున్నాం.