నాలుగు వందల పన్నెండు ఖాళీలు

శ్రీకాకుళంలో ఒక సర్కారు ఆఫీసుంది. దాని మేడ మీద, ఫ్యాను తిరిగినా గాలి రాని గదిలో తిరుమలరావు కూర్చునేవాడు. ఆయన పని జిల్లాలో ఎన్ని ఉద్యోగాలు ఖాళీగా ఉన్నాయో లెక్క తేల్చడం. ఉద్యోగాలు ఇప్పించడం కాదు, లెక్క తేల్చడం మాత్రమే. ఈ తేడాని అత్తవారి ఊళ్ళో ఒక్కరికైనా అర్థమయ్యేలా చెప్పాలని పద్దెనిమిదేళ్ళుగా ప్రయత్నించి, చివరికి ఆ ఊరు వెళ్ళడమే తగ్గించుకున్నాడు.

పని చూడ్డానికి చిన్నదే. జిల్లాలో ఏరిన నలభై సంస్థలకి మూడు నెలలకోసారి ఫారాలు పంపాలి. బియ్యం మిల్లులు, జీడిపప్పు ఫ్యాక్టరీలు, ప్రైవేటు కాలేజీలు, నర్సింగు హోములు. మూడో నెల ఆఖరి రోజుకి మీ దగ్గర ఎంతమంది పనిచేస్తున్నారు, ఎన్ని పోస్టులు మనుషులు లేక ఉన్నాయి, ఎన్నాళ్ళ బట్టి ఉన్నాయి, ఎలాంటివాళ్ళు కావాలి అని అడగాలి. వచ్చిన జవాబుల్లో తేడాగా కనబడ్డవాటికి ఫోన్ చేసి ఆరా తీయాలి. అన్నీ కూడి విజయవాడ పంపితే, అక్కడ పదమూడు జిల్లాలవీ కలిపి ఢిల్లీ పంపుతారు.

చిక్కల్లా ఫారంతోనే. అది ఆరు పేజీలు. నలభై పంపితే పన్నెండు తిరిగొచ్చేవి. అందులోనూ రెండింటి మీద టీ గ్లాసు ముద్రలు తప్ప ఇంకేమీ ఉండేవి కాదు.

రెండువేల పదిహేడు మార్చిలో తిరుమలరావుకి ఒక ఆలోచన వచ్చింది. ఆరు పేజీలూ పక్కన పెట్టేసి, అరఠావు కాగితం మీద చక్కటి తెలుగులో తనే మూడు ప్రశ్నలు రాశాడు. మీ వద్ద పనివారు ఎంతమంది? మార్చి 31 నాటికి ఖాళీలు ఎన్ని? సంతకం, ముద్ర. పసిపిల్లాడు కూడా నింపగలడని మురిసిపోతూ నలభై కాపీలు తీయించి పోస్టులో వేశాడు.

ముప్పై ఎనిమిది తిరిగొచ్చాయి! ఆ కట్టని ఒళ్ళో పెట్టుకుని తిరుమలరావు కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తెరిచి చదవడం మొదలెట్టాక ఆ ఆనందం కొంచెం తగ్గింది.

జీడిపప్పు ఫ్యాక్టరీ ఆయన ఖాళీల దగ్గర ఇలా రాశాడు: 'మార్చి, ఏప్రిల్ మాకు బొత్తిగా ఖాళీ ఉండదు. జూన్లో దయచేయండి.' ఒక ప్రైవేటు కాలేజీ వాళ్ళు 'మూడో అంతస్తులో రెండు గదులు, ఒకటి రోడ్డు వైపు' అని రాశారు. నర్సింగు హోము వాళ్ళు 'పదకొండు మంచాలు' అని రాసి, పక్కనే చిన్నక్షరాల్లో 'జ్వరాల సీజన్ కాదు కదా' అని చేర్చారు.

అయినా తిరుమలరావు నిబ్బరం కోల్పోలేదు. రెండు రోజులు ఫోను పట్టుకుని కూర్చుని, "తీరిక కాదండీ, గదులు కాదండీ, మంచాలు కాదండీ, మనుషులు" అని ఒక్కొక్కరికీ వివరించి అన్నీ సరిచేశాడు. ఆఖరికి మిగిలింది నరసన్నపేట బియ్యం మిల్లు. మేనేజరు ఎర్రన్న గుండ్రటి చేతిరాతతో పనివారు ముప్పైనాలుగు, ఖాళీలు నాలుగు వందల పన్నెండు అని రాశాడు.

తిరుమలరావు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. అంతకు ముందు మూడు నెలల్లో జిల్లా మొత్తానికి తేలిన ఖాళీలే ఇరవై మూడు. ఫోన్ చేశాడు. అటు వైపు మిల్లు మరలు హోరెత్తిపోతున్నాయి.

"ఎర్రన్నగారూ, ఖాళీలు నాలుగు వందల పన్నెండేనా? సరిగ్గా చూసే రాశారా?"

"నానే సొయంగా లెక్కెట్టినాను బాబూ! రొండు దినాలు పట్టింది!"

"ఎన్నాళ్ళ బట్టి ఖాళీగా ఉన్నాయి?"

"పిబ్రవరి కాణ్ణించీ బాబూ."

"భర్తీ చేసే ఉద్దేశం ఉందా? ఉంటేనే ఖాళీ కింద లెక్క."

"బర్తీ సెయ్యకపోతే ఉంచుకుని ఏటి సేత్తాం? సరుకు రాగానే ఒక్క దినంలో బర్తీ సేసీమూ!"

"అర్హతలు ఏమైనా..."

"అర్హతలేటి బాబూ! గట్టిగా ఉండాల. ఏబై కేజీలకి తట్టుకోవాల. అంతే."

"మగవాళ్ళకెన్ని, ఆడవాళ్ళకెన్ని అని విడిగా ఉందా?"

"అలగేటీ లేదు బాబూ. ఎవులు మోసినా ఒకటే గదా!"

ఆ మాటకి తిరుమలరావు గుండె కరిగిపోయింది. ఎంతటి విశాల హృదయం! వివరాల గడిలో 'శారీరక దారుఢ్యం అవసరం, స్త్రీపురుష భేదం లేదు' అని ఎర్ర సిరాతో రాసుకుని, మిల్లు విస్తరిస్తున్నారు కాబోలు అని నిర్ధారించుకుని, జిల్లా మొత్తం నాలుగు వందల ముప్పై ఒకటి అని పట్టిక కట్టేసి విజయవాడ పంపాడు.

విజయవాడ నుంచి పై అధికారి మేడమ్ గారు స్వయంగా ఫోన్ చేశారు. "పద్దెనిమిది రెట్లు పెరిగాయండీ! మీరు వాకబు చేశారా?" అన్నారు. "ప్రతి ప్రశ్నా అడిగానమ్మా" అని తిరుమలరావు జరిగినంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. అందులో ఒక్క అబద్ధం లేదు. మేడమ్ గారు అభినందించి పెట్టేశారు.

మే రెండో వారంలో పేపరు జిల్లా పేజీలో 'సిక్కోలు మిల్లుల్లో కొలువుల పంట' అని పెద్దక్షరాలతో పడింది. కింద చిన్నక్షరాల్లో, నరసన్నపేట ప్రాంతంలో నాలుగు వందలకు పైగా ఖాళీలున్నట్టు సర్వేలో తేలిందని రాశారు. మిల్లు పేరు లేదు. ఉండకూడదు కూడా. ఏ సంస్థ ఏం చెప్పిందో బయటపెట్టకూడదని సర్వే రూలు. ఆ రూలంటే తిరుమలరావుకి దేవుడి మీదున్నంత భక్తి.

ఆ సాయంత్రం ఆయన ఇంటికి వచ్చేసరికి భార్య అసిరమ్మ పేపరు మడిచి చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. వెనక బల్ల మీద ఆమె తమ్ముడు ఎల్లాజీ కూర్చుని అంబలి తాగుతున్నాడు. ఎల్లాజీకి నలభై దగ్గర పడ్డాయి. పదిహేనేళ్ళు జూట్ మిల్లులో పనిచేశాడు. అది మూతపడి రెండేళ్ళయింది. అప్పట్నించీ దొరికిన కూలికల్లా వెళ్తూ, దొరకని రోజుల్లో అక్క ఇంటి గేటుకి గ్రీజు పెడుతూ ఉంటాడు. ఆ గేటు ఇప్పుడు గాలి వీచినా తెరుచుకుంటోంది.

"ఏ మిల్లో సెప్పండి" అంది అసిరమ్మ.

"చెప్పకూడదు."

"నాకా?"

"ఎవరికీ చెప్పకూడదు. రూలు."

"నాలుగొందల ఉద్యోగాలు లెక్కెట్టి తెచ్చినోరు, ఇంట్లో ఉన్న ఒక్కడికి ఒక్కటి సూపించలేరేటి? ఆ లెక్క ఎందుకండీ మరి, ఉప్పేసి ఊరబెట్టుకోడానికా?"

ఆ రాత్రి ఆయన కంచంలో పనసపొట్టు కూర పడలేదు. పక్కనున్న ఎల్లాజీ కంచంలో రెండు మార్లు పడింది. ఎల్లాజీ మాత్రం బావని ఒక్క మాటా అనలేదు. "పోనీలే అక్కా, నరసన్నపేట ఏటి అమెరికాలో ఉన్నాదా? అన్ని మిల్లులూ నానే తిరిగేత్తాను" అని మర్నాడు పొద్దున్నే చొక్కాకి ఇస్త్రీ పెట్టుకుని బస్సెక్కాడు.

పొద్దుగుంకే వేళకి తిరిగొచ్చాడు. ఇస్త్రీ ఎక్కడా మిగల్లేదు.

"బావా, తొమ్మిది మిల్లులు తిరిగినాను. పతీ గేటు కాడా తిరనాళ్ళే. టెక్కలోళ్ళు, పాతపట్నమోళ్ళు, బీటెక్కు సదివినోళ్ళు, అందరూ ఉన్నారు. ఒక మిల్లోడైతే మమ్మల్ని సూసి గేటేసుకుని లోపల్నుంచి దణ్ణం పెట్టినాడు. ఉద్యోగాలు మాత్తరం ఎక్కడా లేవు."

"ఎక్కడా లేవా?"

"ఒక్కటంటే ఒక్కటి లేదు."

లెక్క తప్పు అన్న మాట తిరుమలరావు తన జీవితంలో ఇతరుల విషయంలోనే విన్నాడు. మర్నాడు సెలవు పెట్టాడు. "ఎక్కడికెల్తన్నావు బావా?" అన్నాడు ఎల్లాజీ. "చెప్పకూడదు" అన్నాడు తిరుమలరావు. "అయితే నువ్వు సెప్పకు, నాను నీ ఎనకాల వత్తాను" అని ఎల్లాజీ అదే బస్సెక్కి, బావ వెనక సీట్లో తెలియనివాడిలా కూర్చున్నాడు. దీన్ని ఆపే రూలు తిరుమలరావుకి ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

మిల్లు గేటు దగ్గర వందమంది దాకా ఉన్నారు. అందరి చేతుల్లోనూ ప్లాస్టిక్ కవర్లు, వాటిలో సర్టిఫికెట్లు. తిరుమలరావు లోపలికి వెళ్తుంటే "లైన్లో రావాలండీ పెద్దాయనా, మేం ఐదింటికొచ్చాం" అని ఒకతను చొక్కా పట్టుకుని లాగాడు. ఆయన ఐడీ కార్డు చూపించి, బావమరిది తోడుగా ఎలాగో లోపల పడ్డాడు.

ఎర్రన్న పొట్టిగా, గుండ్రంగా, అచ్చం తన అక్షరాల్లాగే ఉన్నాడు. తిరుమలరావు చెయ్యి పట్టుకుని దాదాపు ఏడ్చాడు. "బాబూ, నిన్నట్నించీ ఈ మనుసులేటో నాకు తెలియడం లేదు. ఉద్యోగాలంటన్నారు. మా కాడ ఉద్యోగాలు ఉన్నాయని ఏ కడుపుమండినోడు రాసినాడో!"

"మీరే రాశారు" అన్నాడు తిరుమలరావు. కాగితం తీసి చూపించాడు. "ఖాళీలు నాలుగు వందల పన్నెండు. ఎక్కడున్నాయి?"

ఎర్రన్న ముఖం వికసించింది. "అవా! రండి బాబూ. సూపిస్తాను. ఒక్కటి తక్కువున్నా నన్నడగండి."

గట్టు దాటి, ఊక గుట్ట పక్కగా తీసుకెళ్ళి ఒక షెడ్డు తలుపు తీశాడు. లోపల గోడ పొడుగునా, తాళ్ళతో పాతిక చొప్పున కట్టి, నీటుగా పేర్చిన గోనెసంచులు.

"కాలీలు" అన్నాడు ఎర్రన్న గర్వంగా.

తిరుమలరావు ఊక మీద కూలబడ్డాడు. ఫోనులో విన్న మాటలన్నీ ఒకటొకటీ చెవుల్లో మోగాయి. సరుకు రాగానే భర్తీ. గట్టిగా ఉండాలి. ఏభై కేజీలు. స్త్రీపురుష భేదం లేదు.

"మనుషుల గురించి కదయ్యా నేనడిగింది!"

"మనుసులెంతమందీ అని పైన అడిగినారు, రాసినాను. కిందన కాలీలు అడిగినారు, రాసినాను. గవుర్నమెంటోళ్ళు సంచులిత్తారేమో అనుకున్నాను బాబూ."

ఇంతలో ఎల్లాజీ ఒక కట్ట విప్పాడు. ఒక సంచిని వెలుతురుకి ఎత్తి చూశాడు, కుట్టు దగ్గర బొటనవేలు పెట్టి లాగాడు, పక్కన పడేశాడు. ఇంకోటి తీశాడు. జూట్ మిల్లులో పదిహేనేళ్ళు అదే పని. మిగతా ఇద్దరూ చూస్తుండగా గంటన్నరలో షెడ్డంతా వడపోసి, చేతులు దులుపుకుని లేచాడు.

"నూటముప్పై ఒకటి సినిగిపోనాయి. మిగిల్నియి రొండొందల ఎనబైయొకటి. ఎర్రన్న మావా, నీ లెక్క తప్పు."

అంటే ఆ లెక్క మనుషులుగా తప్పు, సంచులుగా కూడా తప్పు. తిరుమలరావు తలపట్టుకున్నాడు. ఎర్రన్న మాత్రం ఎల్లాజీని నెత్తి నుంచి పాదాల దాకా కొత్త సంచిని చూసినట్టు చూశాడు. "ఈ పని నీకు తెలుసునేటి? మా సంచుల షెడ్డు సూసే గంగులు, కూతురికాడికి సెన్నై ఎల్లిపోనాడు. నాకు పని తెలిసినోడు ఒకడు కావాల."

తిరుమలరావు తల చటుక్కున లేచింది. ఆయనలోని గుమాస్తా ఏ కష్టంలోనూ నిద్రపోడు.

"ఎప్పుడు వెళ్ళాడు?"

"ఏప్రిలు రెండున."

"అయితే మార్చి ముప్పై ఒకటికి ఖాళీ లేదు."

"ఉన్నాది గదా బాబూ, మనిసి లేడు గదా!"

"ఇప్పుడు ఉంది. మా లెక్కకి లేదు. జూన్ ముప్పై దాకా అలాగే ఉంటే అప్పుడు ఖాళీ."

"జూను దాకా సంచులెవులు కుడతారు బాబూ?"

ఎల్లాజీ అప్పటికే చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

గేటు దగ్గరి జనానికి సంగతి చెప్పే భారం తిరుమలరావు మీదే పడింది. ఊక బస్తా ఎక్కి, తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. కొట్టేస్తారనుకున్నాడు. ఇంతలో ఎవరో ఒకతను "సంచులకా మనం బయోడేటా తెచ్చింది!" అన్నాడు. నవ్వు గేటు నుంచి హైవే దాకా పాకింది. ఎర్రన్న అందరికీ మజ్జిగ పోయించాడు. ఒక బీటెక్ కుర్రాడు మాత్రం నవ్వకుండా, రెండు గ్లాసులు తాగి, "ఛార్జీలైనా ఇవ్వరా సార్?" అన్నాడు. తిరుమలరావు అతనికి బస్సు టిక్కెట్టు తీసిచ్చాడు.

విజయవాడ మేడమ్ గారికి ఫోన్ చేసే ధైర్యం కూడగట్టుకోడానికి ఆయనకి రెండు రోజులు పట్టింది. జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు. ఫోను కట్టయిందేమో అనుకున్నాడు. లేదు, ఆమె నవ్వాపుకుంటున్నారు. "సవరించిన అంకెలని నోట్ పంపండి. కారణం రాయకండి. ఢిల్లీలో ఎవరికీ చెప్పుకోలేం" అన్నారు. తర్వాత గొంతు మార్చి, అరఠావు ఫారం కట్టిపెట్టమనీ, ఖాళీ అంటే ఏమిటో ఆరు పేజీల్లో ఎందుకు రాస్తారో ఇప్పుడైనా గ్రహించమనీ గట్టిగానే చెప్పారు. సవరించాక జిల్లా మొత్తం పంతొమ్మిదికి దిగింది. పేపర్లో ఆ సంగతి వేయలేదు.

జూలైలో తిరుమలరావు పోస్టుని నమ్మలేదు. సంచీలో ఫారాలు పెట్టుకుని నలభై చోట్లకీ తనే బస్సుల్లో తిరిగాడు. నరసన్నపేట మిల్లులో ఎర్రన్న ఎదురుగా కూర్చుని, ప్రతి ప్రశ్నా రెండుసార్లు చదివి వినిపించాడు. ఖాళీలు సున్నా అని తేలింది. గంగులు వెళ్ళింది మార్చి తర్వాత, ఎల్లాజీ చేరింది జూన్ లోపల. ఆ ఉద్యోగం ఖాళీ అయింది, నిండింది, అయినా దేశంలో ఏ పట్టికలోనూ దాని జాడ లేదు. ఇది తిరుమలరావుని ముల్లులా గుచ్చింది. నాలుగు రోజులు అన్నం సయించలేదు. చివరికి భార్యకి చెప్పుకున్నాడు.

అసిరమ్మ కూర వడ్డిస్తూ అంతా విని, "మీ కాయితంలో లేకపోతే పోనీండి. ఆడు మాత్తరం రోజూ ఆరింటికి కేరేజీ అట్టుకుని ఎల్తన్నాడు. అన్నం కలపండి, సల్లారిపోతాది" అంది.