కుబుసం విడిచేదాకా

ఉమామహేశ్ ఇల్లు వదిలి వెళ్ళిపోయేటప్పుడు భార్య నీరజకి ఒక్క ముక్క చెప్పలేదు గానీ, పాము గురించి మాత్రం గుమ్మంలో నిలబడి మరీ చెప్పాడు.

“మోంటూ కళ్ళు తెల్లబడ్డాయి. కుబుసం విడిచే టైము. ఇప్పుడు కదిపితే దానికి మంచిది కాదు. విడిచేదాకా ఇక్కడే ఉంటుంది. రోజూ సాయంత్రం వచ్చి చూసుకుంటాను.”

చెప్పి, సూట్‌కేసు లాక్కుంటూ అదే ఊళ్ళో, న్యూటౌన్‌లో ఉన్న లక్ష్మీసౌజన్య ఇంటికి వెళ్ళిపోయాడు. ఆవిడ అతని ఆఫీసులోనే పని చేస్తుంది. నీరజ ఇరుగుపొరుగుకి మాత్రం, ఆయన సిలిగురి క్యాంపుకి వెళ్ళాడని చెప్పుకుంది. ఇంకేం చెప్పుకుంటుంది పాపం!

మోంటూ అంటే ఆఫ్రికా జాతి కొండచిలువ. విషం లేదు. సాల్ట్ లేక్ ఫ్లాట్‌లో రెండో పడగ్గది దానిదే, అద్దాల పెట్టె, కింద వెచ్చదనానికి కరెంటు పట్టీ, సకల భోగాలూను. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ నీరజ ఆ గది గడప తొక్కలేదు. ఆమె వాట్‌గంజ్ ఓడరేవులో డాక్ కూలీ కూతురు. గోదాముల్లో ఎలకల కోసం దూరిన పామొకటి కరిచి పక్కింటి పిల్ల కళ్ళెదుటే పోయింది. అప్పట్నుంచి పామన్న మాట వింటేనే ఆమెకి పైప్రాణాలు పైనే పోతాయి.

అత్త సత్యవేణికి ఆ భయం లేదు. నీరజకి ఆవిడ సొంత మేనత్త, టికియాపారా రైల్వే క్వార్టర్సులో కాపురం చేసి, భర్త పోయాక కొడుకు దగ్గరికి చేరింది. ఏటా నాగులచవితికి ఆ పెట్టె ముందే చిమ్మిలి పెట్టి లెంపలేసుకునేది. కొడుకు ఎంత నవ్వినా మానేది కాదు.

అన్న మాట ప్రకారం ఉమామహేశ్ రోజూ వచ్చాడు. మొదటి సాయంత్రమే నీరజని పిలిచాడు.

“నువ్వూ నేర్చుకో. నేను ఆఫీసులో ఉన్నప్పుడు పెట్టె ఆరిపోతే ఎవరు తడుపుతారు?”

గోడ పట్టుకుని లోపలికి వచ్చింది. అతను నీళ్ళ స్ప్రే సీసా ఆమె చేతిలో పెట్టి, మణికట్టు పట్టుకున్నాడు. “దాని మీద కాదు. అద్దం మీద. ఆస్తే, ఆస్తే. మెల్లగా.”

అతని చెయ్యి తన చేతిని తాకి ఎన్నాళ్ళయిందో! పిచ్చిది, ఆ క్షణాన పాము సంగతే మర్చిపోయింది.

అలా నేర్చుకుంది. కళ్ళకి పొర కమ్మి చూపు ఆనదు కాబట్టి ముట్టుకుంటే మీదికి వస్తుందనీ, ఈ రోజుల్లో తిండి పెట్టకూడదనీ, నాచు తడిగా ఉంచాలనీ. జనవరి చలిగాలికి పెట్టె ఇట్టే ఆరిపోయేది. మధ్యాహ్నం తనే వెళ్ళి తడిపేది. సాయంత్రం అతను వచ్చాక తెలిసిన సంగతులే మళ్ళీ తెలియనట్టు అడిగేది. అడిగితే కాసేపు ఎక్కువ ఉంటాడు కదా, అదీ లెక్క.

“సూసినావేటే? రోజూ వొత్తన్నాడు,” అంది సత్యవేణి వంటింట్లో. “పాము ఒట్టి సాకు. ఆడికి మనం గుర్తొత్తన్నాం. అమ్మని ఒదిలీసి ఉండగలడేటి ఆడు?”

“నిజమేనంటావా అత్తా?”

“మరి కాదేటి! రేపు రొయ్యలు ఒండు.”

నీరజ రొయ్యలు వండింది, చేపల పులుసు పెట్టింది, జడలో పువ్వు పెట్టుకుంది. ఓ రోజు అతను రెండు ముద్దలు తిని “బావుంది” అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని, తిరిగి వచ్చేస్తాడని ఆమె నమ్మేసింది.

ఆదివారం నాడు మోంటూ కుబుసం విడిచింది. గాలి పొడిగా ఉండడంతో ముక్కలు ముక్కలుగా వచ్చి, తోక దగ్గరా, ఎడమ కంటి మీదా అతుక్కుపోయింది. ఉమామహేశ్ కుర్చీలో కూర్చుని ఫోను తీశాడు.

“నువ్వే చెయ్యి.”

“అమ్మో! నావల్ల కాదు బావా.”

“అవుతుంది. చెయ్యి.”

గోరువెచ్చని నీళ్ళలో తువ్వాలు ముంచి పిండి, రెండు చేతుల మధ్యా పట్టుకుంది. పాము అందులోంచి జరిగి జరిగి పోతోంది. దాని బరువు, ఒంట్లో కదిలే కండ, అన్నీ అరచేతికి తెలుస్తున్నాయి. అంత చలిలోనూ ఆమెకి చెమటలు పట్టాయి.

“లాగకు. దాన్నే విడవనీ.”

లాగలేదు. తోక దగ్గరి ముక్క తడి మేజోడులా ఊడింది. చాలాసేపటికి కంటి మీది పొర కూడా తువ్వాలుకి అంటుకుని వచ్చేసింది. నల్లటి కన్ను తళుక్కుమంది.

“బావా, వచ్చీసింది! సూడు!” అని తలెత్తింది. అతను వీడియో తీస్తున్నాడు. తనని చూసి మురిసిపోతున్నాడనుకుని, ఫోను వైపు నవ్వింది కూడా.

అతను ఆ వీడియో ఎవరికో పంపి లేచాడు. “భేష్. నీకు అంతా వచ్చేసింది. ఇంక నేను రానక్కర్లేదు.” ఇంటి తాళంచెవి పెట్టె మీద పెట్టాడు. “నెలకి సరిపడా ఎలకలు ఫ్రీజర్‌లో పెట్టాను.”

“దీన్ని తీసుకెళ్ళవా?”

“ఎలా తీసుకెళ్తాను? సౌజన్యకి పామంటే భయం. నువ్వు చూసుకోగలవో లేదోనని ఇన్నాళ్ళూ బెంగగా ఉండేది. ఆ వీడియో చూస్తే ఇంక తనకీ నిశ్చింత.”

నీరజ తడి తువ్వాలు కింద పడేసింది. “నాకు భయం కాదేటి? పక్కింటి పిల్ల సంగతి నీకు తెల్దేటి బావా?”

“నీకు అలవాటైపోయిందిగా,” అన్నాడు.

కోపంగా కూడా అనలేదు, మెచ్చుకున్నట్టు అన్నాడు దుర్మార్గుడు!

అతను మెట్లు దిగుతుంటే, ఆమె పాముని దిండు గలీబులో వేసి, మూతి ముడేసి, వెనకే పరిగెత్తింది. క్యాబ్ కిటికీలోంచి అతని ఒళ్ళో పడేసింది. “నీ పాముని నువ్వే పట్టుకుపో!”

అతను తలుపు తీసి, గలీబుని జాగ్రత్తగా ఫుట్‌పాత్ మీద పెట్టాడు. “ఈ చలికి ఇక్కడే వదిలేస్తే తెల్లారేసరికి చచ్చిపోతుంది. నీ ఇష్టం.”

తలుపు వేసుకున్నాడు. బండి కదిలింది. దాన్ని వదిలేసే మనసు ఆమెకి రాదని వాడికి తెలుసు. బండి మలుపు తిరగకముందే ఆమె గలీబుని ఎత్తి శాలువాలో పెట్టుకుంది. వాణ్ణి తిట్టింది, వాడికి దొరికిపోయిన తన మెత్తదనాన్ని అంతకన్నా ఎక్కువ తిట్టుకుంది. ఏడుస్తూనే మెట్లెక్కింది.

సత్యవేణి ముగ్గురికీ కంచాలు పెట్టి కూర్చుంది. “ఏడే ఆడు? అన్నం సల్లారిపోతంది.”

“వెళ్ళిపోయాడత్తా. ఇంక రాడు. పాముని నన్నే చూసుకోమన్నాడు.”

ముసలావిడ గరిట గిన్నెలో పెట్టేసింది. కొడుకు కంచం పక్కకి జరుపుతూ అడిగింది.

“మరి నా గురించి ఏటన్నాడే?”

అబద్ధం చెబుదామనుకుంది నీరజ. నోరు రాలేదు.

“ఏటీ అన్లేదత్తా. ఎలకలు ఫ్రీజర్‌లో ఉన్నాయన్నాడు.”